సులోచనక్క నేర్పిన ఆపడం

మొయినాబాద్‌లో షేర్ ఆటో మలుపు తిరుగుతుంటే దాని ఇండికేటర్ టిక్కు టిక్కుమంటూ మధ్యలో ఒక్కసారి ఆగింది. నా కుడి బొటనవేలు దానంతటదే ఒడిలోని సంచిని గట్టిగా నొక్కింది. పక్కనున్నావిడ నన్ను వింతగా చూసింది. ఇది సులోచనక్క అంటించిన అలవాటు.

ఎంకపల్లి నుంచి వచ్చే సులోచనక్క మా ఆసుపత్రి గుండె విభాగంలో సీనియర్ టెక్నీషియన్. ఉన్నట్టుండి గుండె దడదడలాడే జబ్బుకు అక్కడ అబ్లేషన్ చేస్తారు. తొడలోని రక్తనాళం గుండా సన్నటి తీగను గుండెలోకి పంపి, దడకు కారణమైన పిసరంత చోటును వేడితో కాల్చేస్తారు. డాక్టరుగారు తీగ పట్టుకుంటే, తెర చూస్తూ వేడిని ఆపే బటన్ దగ్గర కూర్చోవడం మా పని. గుండెను కొట్టించే అసలు కరెంటు దారి ఆ చోటు పక్కనే ఉంటుంది. దానికి వేడి తగిలితే తెరమీద గుండె కొట్టుకునే బీట్ తప్పుతుంది. అది కాలిందా, ఆ మనిషికి జీవితాంతం ఒంట్లో పెట్టే పేస్‌మేకర్ మిషనే గతి. "కాలినంక మళ్ల రాదు పిల్లా. ఒక్క బీట్ తప్పిందా, ఎవల్నీ అడగకు, ఆపెయ్" అని అక్క మొదటి రోజే చెప్పింది.

చెప్పినంత సులువా? నేను చేరిన నెలలోపే షాబాద్ అమ్మాయి ఒకతె బల్లమీద ఉంది. ఇరవై దాటి ఉండవు. తెరమీద ఒక బీట్ తప్పింది. నేను చూశాను. చూసి, డాక్టరుగారి మొహం వైపు తిరిగాను. ఆలోగా అక్క చెయ్యి నా చేతి మీద పడి బటన్ నొక్కేసింది. రెండో బీట్ కూడా రాలేదు. మూడోది వచ్చింది.

బయటికొచ్చాక అక్క నన్ను గోడవారగా నిలబెట్టింది.

"నీకు కనవడలేదా?"

"కనవడ్డదక్కా."

"మరెందుకు ఆపలే?"

"ఉత్తగనే ఆపితే సార్ ఏమంటడో అని..."

"సార్ తిట్టిండనుకో, పొద్దుగూకేదాక యాదుంటది. ఆ పిల్ల బతుకంత మిషన్ మోసుడే గద!"

సిగ్గుతో చచ్చిపోయాను.

ఆరేళ్ల తర్వాత అదే బల్లమీద అక్క పడుకుంది. ఆ జబ్బు ఆమెకే వచ్చింది. బటన్ దగ్గర నేనే ఉండాలని పట్టుబట్టింది. పూర్తి మత్తివ్వరు కాబట్టి మెలకువగానే ఉంది. వేడి మొదలైన కాసేపటికే ఒక బీట్ తప్పినట్టు అనిపించింది. నొక్కేశాను.

"తీగ కదిలి అలా కనబడిందేమో. సరిగ్గా చూశావా?" అన్నారు డాక్టరుగారు విసుగ్గా.

"ఆపిన సార్" అన్నాను. రికార్డు వెనక్కి తిప్పి చూసినా ఏదీ తేలలేదు. ఆ చోట మళ్లీ కాల్చడానికి ఆయన సాహసించలేదు. పని సగంలోనే ముగిసింది.

అందుకే అక్కకు ఇప్పటికీ దడ వస్తుంటుంది. నిన్న చేవెళ్లలో కూరగాయలు బేరమాడుతూ నా ముందే చతికిలబడింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

"ఆ రోజు నిజంగ తప్పిందో లేదో నాకిప్పటికీ తెల్వదక్కా."

"నాకూ తెల్వది" అంది ఆయాసపడుతూ. "రేపు బల్లమీద ఎవరున్నరు?"

"ఇక్కడి టైలరమ్మ."

"అనుమానమొస్తే ఆమెకు గూడ గట్లనే ఆపు."

నా వేళ్ల కింద అక్క నాడి ఇంకా పరుగెడుతూనే ఉంది.