పొడి చీపురు

పెద్దకోడలిగా ఆ ఇంట అడుగుపెట్టిన నాటి నుంచీ ఆమె అందరికీ వదినే. మరిది పిలుపు విని పాలవాడు, పక్కింటివాళ్ళు, చివరికి ఇంటి ఓనరు కూడా అలాగే పిలవడం అలవాటు చేసుకున్నారు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. బట్టలు ఉతకడంలో మాత్రం ఆమెకు సాటి లేరు. భర్త యూనిఫాం చొక్కాను ముందు బాల్కనీలో నాలుగుసార్లు గట్టిగా దులిపి, ఆ తరువాతే నానబెట్టేది. బూడిదరంగు దుమ్ము పొగలా లేచేది. పన్నెండేళ్ళు అలా దులిపింది.

భర్త పని తుపాకీ గురి నేర్పే షూటింగ్ రేంజిలో. షూటింగ్ అనగానే, "ఏ హీరోదమ్మా?" అని అడిగేవాళ్ళు ఇరుగుపొరుగు.

"హీరో లేడు. కాగితం బొమ్మ ఉంటుంది, దాన్నే కాలుస్తారు," అని నవ్వేది.

కిటికీలు లేని పొడవాటి హాలు అది. కాల్చేవాళ్ళు వెళ్ళిపోయాక ఆయన నేలంతా ఊడ్చి, చివరి గోడ దగ్గర నలిగి పడ్డ తూటాలను పారతో ఎత్తి డబ్బాల్లో పోసేవాడు.

ఆయనకు మొదట కడుపునొప్పి వచ్చింది. తరువాత మలబద్ధకం, నోట్లో ఇనుము నాకినట్టు రుచి, ఊరికే చిరాకు. ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. గది బయట జనం కిటకిటలాడుతున్నారు. ఆ గోలలో డాక్టరు, "మీకు సీసంతో పనేమైనా ఉందా?" అని అడిగాడు. ఆయన నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"సీసా జోలికే పోరండి. పెళ్ళయ్యాక ఒక్క చుక్క ముట్టలేదు."

ఆయన కాస్త గర్వంగానే తల ఊపాడు. డాక్టరు అరుగుదలకు మందు రాసి తరువాతి పేషెంటును పిలిచాడు. మా మనిషి తాగుబోతులా కనిపించాడా అని ఆమె దారంతా మండిపడుతూనే ఉంది.

ఏడాదిన్నర తరువాత, కిడ్నీలు పాడయ్యాక, ఇంకో డాక్టరు ఆ మాటను కాగితం మీద రాసి చూపించాడు. సీసం. తూటాలో ఉంటుందట. పేల్చినప్పుడు గాలిలో కలుస్తుంది, ఊడ్చినప్పుడు మళ్ళీ లేస్తుంది, ఊపిరితోనూ తిండితోనూ ఒంట్లోకి పోయి ఎముకల్లో తిష్ఠ వేస్తుంది. ఆ రెండక్షరాలనూ ఆమె కూడబలుక్కుని చదివింది. ఆయన ఆ ఏడు దాటలేదు.

కరువుతీరా ఏడవడానికి కూడా ఆమెకు తీరిక చిక్కలేదు. మూడో నెలకే మరిది అన్న చేసిన పనిలో చేరాడు. తోడికోడలికి అప్పుడు ఐదో నెల.

"మానెయ్యమనడం లేదు," అంది వదిన అతనితో. "పొడి చీపురుతో ఊడవొద్దు. ఆ బట్టలతో ఇంటికి రావొద్దు. రక్తం చూపించుకో. కడుపులో బిడ్డకి కూడా పోతుందట అది."

"చేతులు కడుక్కుంటున్నా కదా వదినా. ముక్కుకి రుమాలు కూడా కట్టుకుంటున్నా."

"రుమాలు దొంగలు కట్టుకుంటారు, మొహం కనపడకుండా. దుమ్ముకి అదేం అడ్డం?"

తోడికోడలు కిసుక్కుమంది. మరిదీ నవ్వేశాడు. "కొత్తగా చేరినవాణ్ణి. అది కావాలి, ఇది కావాలంటే మేనేజరు రేపట్నుంచి రావొద్దంటాడు."

చెప్పి చెప్పి నోరు నొప్పెట్టాక ఆమె ఇంకో దారి పట్టింది. ఒక్కతే ల్యాబుకు వెళ్ళి చెయ్యి చాపింది. "సీసం పరీక్ష. చివర సున్నా ఉంది, సరిగ్గా రాసుకోమ్మా," అంది.

వారానికి కాగితం వచ్చింది. ఉండకూడనంత ఉంది.

దాన్ని తెచ్చి మరిది ముందు పెట్టింది. "ఆ రేంజి గడప నేనెప్పుడైనా తొక్కానా?"

"లేదు."

"తుపాకీ పట్టానా?"

"నువ్వు చీపురు పడితేనే మాకు భయం," అనబోయి, కాగితం మీద చూపు పడి ఆగిపోయాడు.

"మీ అన్న చొక్కా దులిపానంతే. ఇప్పుడు నీ చొక్కా ఎవరు దులుపుతున్నారు?"

మరిది భార్య వైపు చూశాడు. ఆ పిల్ల చెయ్యి దానంతట అదే పొట్ట మీదికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే వదినా మరిదీ కలిసి మేనేజరు గదిలో నిలబడ్డారు. ఆయన టీ తాగుతున్నాడు. అంతా విని, "ఇక్కడికి గురి నేర్చుకోడానికి వస్తారమ్మా. చీపుర్లు చూడ్డానికి ఎవరూ రారు," అన్నాడు.

"నా గురి చీపురు మీదే బాబూ."

"పన్నెండేళ్ళలో మీ ఆయన ఒక్కమాట అడగలేదు."

"ఆయనకి తెలీదు. నాకు తెలిసింది, వచ్చాను."

సంచిలోంచి తెల్లగుడ్డ తీసి, తడిపి, ఆయన బల్లను ఒక మూల నుంచి ఇంకో మూలకు తుడిచింది. గుడ్డ బూడిదరంగుకు తిరిగింది. ఆయన దాన్ని చూశాడు. చేతిలో కప్పు చూశాడు. కప్పును మెల్లగా పక్కన పెట్టాడు.

"పిల్లలున్నారా బాబూ?"

"ఇద్దరు."

"ఈ బూట్లతోనే ఇంట్లోకి వెళ్తారా?"

ఆయన కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు. తరువాత, "ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

డాక్టరును అడిగి అడిగి తెలుసుకున్నదంతా ఆమె చెప్పింది. నేలను తడిగుడ్డతో తుడవాలి, సన్న దుమ్మును కూడా పీల్చుకుని బయటికి వదలని మిషను తెప్పించాలి, బట్టలూ బూట్లూ అక్కడే విడిచి స్నానం చేసి బయటపడాలి, హాల్లో ఎవరూ తినకూడదు, పనివాళ్ళందరికీ రక్తపరీక్ష.

"తడిగుడ్డ ఇవాళ్టి నుంచే. బట్టలు మార్చుకోడానికి గది ఇస్తాను, పరీక్షలూ చేయిస్తాను. మిషను సంగతి చూద్దాం."

"చూద్దామంటే ఎప్పుడు?" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన ఫోను తీసి మిషనుకు చెప్పేదాకా లేవలేదు.

నెల తిరిగేసరికి అందరి కాగితాలూ వచ్చాయి. మరిదికి ఎక్కువగా ఉంది, తోడికోడలికి కొద్దిగా. తోడికోడల్ని చూస్తున్న డాక్టరమ్మ ఆ కాగితాలు తిప్పి తిప్పి చూసి, "సమయానికి వచ్చారు. ఇక పెరగకుండా చూసుకోవాలి. ఈయన కొన్నాళ్ళు ఆ హాల్లోకి వెళ్ళకపోతేనే మంచిది," అంది.

"కొన్నాళ్ళంటే?" అని అడిగింది వదిన.

"కాన్పు దాకా అయినా. ఆ తరువాత మళ్ళీ పరీక్ష చేసి చెప్తాను."

"బయట డబ్బు కట్టించుకునే కౌంటరు దగ్గర కూర్చుంటే?"

"హాలుకి దూరంగా ఉంటే ఫర్వాలేదు."

బయటికి వచ్చాక మరిది నసిగాడు. "మిషనే ఇంకా రాలేదు వదినా. ఇప్పుడు కౌంటరంటే మేనేజరేమంటాడో."

"ఏదో ఒకటి అంటాడు, విందాం," అంది వదిన. తోడికోడల్ని ఆటో ఎక్కించి ఇంటికి పంపి, మరిదిని వెంటబెట్టుకుని రేంజి వైపు నడిచింది.