దియాబ్ కుప్పలు, ముత్లక్ గోతులు

"మీ తాత పీక్కొచ్చిన రైలు పట్టాలు ఎక్కడివో కనుక్కోడానికి నీకు రెండేళ్లట్రా?" అని మేనత్త దియాబ్‌ను అడిగింది. ఆవిడ నెత్తిమీది కప్పును మోస్తున్న దూలం కూడా ఆ పట్టా ముక్కే.

మఆన్ పట్నానికి దక్షిణాన టర్కీ సుల్తానుల కాలపు రైలుదారిలో పద్నాలుగు కిలోమీటర్ల మేర ఇనుము మిగల్లేదు. కొంత మా ఇళ్లకు దూలాలైంది, కొంత మేకల దొడ్లకు గుంజలైంది. ఎడారి పాత జ్ఞాపకాలను దాచుకుంటుందని పట్నంవాళ్లు రాస్తుంటారు. మా ఎడారి ఏం దాచిందో తెలీదుగానీ, మేం మాత్రం బాగానే దాచుకున్నాం.

దియాబ్ ఆ దారిని కాలినడకన వెతికాడు. పాత కంకర కనబడిన చోటల్లా మోకాలెత్తు రాళ్లకుప్ప పేర్చాడు. మొత్తం నలభై. ఆ దారి వెంట నడిచి చూడ్డానికి అమ్మాన్ నుంచి పర్యాటకుల నడక బృందం మొదటిసారి రాబోతోంది. దారి చూపగలిగితే ఏడాది పొడుగునా పని. లేకపోతే మళ్లీ సిమెంటు బస్తాల మోత.

మావాళ్లకేమో టర్కీ సైనికులు పోతూ పోతూ బంగారం పాతిపెట్టి, ఆనవాలుకు రాళ్లు పేర్చారని నమ్మకం. ఈ కుప్పలు దియాబ్ పేర్చడం అందరూ చూసినవాళ్లే. అయినా, "ఏమీ లేందే ఊరికే పేరుస్తాడా?" అని అతని చిన్నాన్న కొడుకు ముత్లక్ తవ్వే యంత్రం అద్దెకు తెచ్చాడు.

ముత్లక్ ఇరవై మూడో కుప్పను పెకలించి తవ్విన రోజు దియాబ్ అతని గుడారానికి వెళ్లాడు. మాలో ఏదైనా కోరి వచ్చినవాడు కాఫీ తాగకుండా కింద పెడతాడు. ఇంటాయన మాటిచ్చాకే తాగుతాడు. తాగాడంటే ఒప్పందం కుదిరినట్టే. దియాబ్ కప్పు కింద పెట్టాడు.

"ఎందుకొచ్చావో తెలుసులే అన్నా," అన్నాడు ముత్లక్. "సగం నీది. తాగు."

"సగమేంట్రా? నేనొచ్చింది..."

"మొహమాటపడకన్నా, మాటంటే మాటే. చల్లారిపోతోంది."

ముత్లక్ కాచే యాలకుల కాఫీకి చుట్టుపక్కల పేరుంది. ఏమనాలా అని దియాబ్ ఆలోచిస్తుండగానే చెయ్యి కప్పునెత్తింది.

"తవ్వడం ఆపమని చెప్పడానికొచ్చాన్రా!" అన్నాడు మూతి తుడుచుకుని.

"ఆ ముక్క తాగకముందు చెప్పొద్దూ?"

పెద్దలూ అదే అన్నారు. నలభై కుప్పలూ నలభై గోతులయ్యాయి. దొరికినవి రెండు బోల్టులు, ఒక తుప్పు డబ్బా.

నడక బృందం వచ్చింది. గోతి నుంచి గోతికి, ఒక్కరూ దారి తప్పకుండా నడిచారు. రాళ్లకుప్పలైతే సగాన్ని మేకలే తన్నేసి ఉండేవి. "ఎంత శ్రద్ధగా గుర్తులు పెట్టారండీ!" అని వాళ్ల నాయకురాలు మెచ్చుకుంది. దియాబ్ కాదనలేదు. వచ్చే నెలకు మరో రెండు బృందాలు కుదిరాయి.

బంగారంలో సగం ఒప్పుకున్నవాడు ఖర్చులోనూ సగం భరించాలి. యంత్రం అద్దె నూట ఎనభై దీనార్లు. దియాబ్ వాటా తొంభై ఇంకా ఇవ్వలేదు.