ఏడుపక్క

డబ్బింగ్ స్టూడియోలో ఆమెను అందరూ ఏడుపక్క అంటారు. హీరోయిన్ మాటలు వేరే అమ్మాయి చెబుతుంది; వెక్కి వెక్కి ఏడ్చే చోట ఆ అమ్మాయి గొంతు పాడవకుండా ఏడుపక్కకు కబురు పెడతారు. వచ్చీ రాగానే, చప్పుడు చేస్తాయని గాజులు తీసి రుమాల్లో మూటకడుతుంది. మైకుకు జానెడు దూరంలో నిలబడి, తెర మీది పెదాలు వణకగానే అందుకుంటుంది. ఇరవై ఏళ్లలో ఒక్క డైలాగూ దక్కలేదు, తెర మీద పేరూ పడలేదు. ఆ గొంతును గుర్తుపట్టేది అమ్మ ఒక్కతే. సినిమా హాల్లో పక్క సీటావిడను మోచేత్తో పొడిచి, "ఆ ఏడ్చేది మా పిల్లేనండీ, ఎంత బాగా ఏడుస్తోందో!" అని మురిసిపోయేది. ఇంటికొచ్చాక మాత్రం, "ఆఖర్న కాస్త తొందరపడ్డావే" అని వంక పెట్టేది. ఆ వంక సరిదిద్దుకోవాలనే ఏడుపక్క మర్నాడు హుషారుగా పనికి బయల్దేరేది.

మొన్న ఆ అమ్మ పోయింది. ఏడుపక్క పరుగున వచ్చి, అమ్మ పక్కన జానెడు దూరంలో కూర్చుని, గాజులు తీయడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు గాజులెందుకు తీస్తున్నావే?" అంది పిన్ని, బిత్తరపోయి.

ఏడుపక్క తన చేతుల వంక చూసుకుంది. తీసిన గాజులు ఒక్కొక్కటే మళ్లీ తొడుక్కుని, అమ్మ మీద పడి ఏడ్చింది. గాజులు అంత చప్పుడు చేసినా వంక పెట్టే మనిషి లేదు.