ఎల్లన్నకు తీరని అనుమానం

మా ఎల్లన్న తన నీడను కూడా నమ్మేవాడు కాదు. ఎండలో నడుస్తూ నడుస్తూ చటుక్కున ఆగి వెనక్కి చూసేవాడు, అది తనతోనే ఉందా, ఎవరికైనా కబుర్లు మోస్తోందా అని.

రియాద్‌లో, సులై లేబర్ క్యాంపులో నేను టైమ్‌కీపర్ని, ఆయన తాపీమేస్త్రి. మెట్‌పల్లి దగ్గర ఊరు. సూట్‌కేసు మూత లోపల అంటించుకున్న రాజన్న దేవుడి పటానికి ఒక కన్ను తెరిచే దండం పెట్టేవాడు.

"అదేం భక్తి ఎల్లన్నా?"

"ఇంటున్నడో లేదో సూడద్దా సారూ?"

తొంభై ఒకటిలో యుద్ధం మొదలయ్యాక ఆయన అనుమానాలకు పట్టపగ్గాల్లేవు. సైరన్ మోగితే మా ముప్పై మందికీ ప్రాణాలు గొంతులోకి వచ్చేవి. కిటికీలకు టేపులంటించుకుని, మూడు దేశాల రేడియోలు పెట్టుకుని కూర్చునేవాళ్లం.

"మూడు ఒక్కతీర్గ చెప్తే మాట్లాడుకొని అబద్ధమాడుతున్నట్టు" అనేవాడు ఎల్లన్న. "మూడు తీర్ల చెప్తే మాట్లాడుకోకుంట ఆడుతున్నట్టు."

విషవాయువుకని మాస్కులిస్తే, ముందు ఫోర్‌మన్ తగిలించుకుని గంటసేపు బతికి చూపించాలన్నాడు. పాపం, ఫోర్‌మన్ చూపించాడు కూడా.

రెండో వారానికి భయం మా వంటింట్లోకి వచ్చింది. నీళ్ల ట్యాంకులో ఎవరో విషం కలిపారని పుకారు లేచింది. తెల్లవారుజామున ట్యాంకు దగ్గర వంటమనిషి ఖాదర్ ఒక్కడే ఉన్నాడన్నాడు మాతో పనిచేసే మల్లేశం. వంటమనిషి నీళ్ల దగ్గర కాక ఇంకెక్కడుంటాడు? ఆ మాట ఎవరికీ తట్టలేదు. ఖాదర్‌ది జగిత్యాల, ఏడేళ్లుగా మాకు అన్నం పెడుతున్నాడు.

"తుర్కాయన. లోపట ఎవలి దిక్కున్నడో ఎవలికెర్క?" అన్నాడు మల్లేశం. అంతే, రెండు రోజులు ఖాదర్ గిన్నెలు ముట్టినవాడు లేడు. బయట కొన్న రొట్టెలు, సీసా నీళ్లు. చదువుకున్నవాణ్ణి, సిగ్గుచేటు, నేనూ ముట్టలేదు.

శుక్రవారం ఖాదర్ జుమ్మా నమాజు నుంచి వచ్చి వంట దించేసరికి మల్లేశం ఫిర్యాదు కాగితం రాయించుకొచ్చాడు. అందరూ వేలిముద్రలేస్తే కఫీల్, అంటే మా వీసాల యజమాని, ఖాదర్‌కు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తాడు. ఊళ్లో అతని మీద ఏడుగురు బతుకుతున్నారు. ఖాదర్ గరిటె పట్టుకుని గోడకానుకుని నిలబడ్డాడు.

"ముందుగాల నువ్వెయ్యే ఎల్లన్నా. నీకన్న అనుమానం ఎవలికున్నది?" అన్నాడు మల్లేశం.

"పరీక్ష చెయ్యకుంట ఎట్లేస్తరా?" ఎల్లన్న పళ్లెం తీసుకుని చతికిలబడ్డాడు. "పెట్టు ఖాదర్."

ఖాదర్ అన్నం, మాంసం కూర పెట్టాడు. ఎల్లన్న వాసన చూశాడు. తిన్నాడు. మేమంతా చుట్టూ మూగాం.

"ఏమన్న అయితుందానే?" అన్నాడు మల్లేశం.

"అప్పుడే ఏం తెలుస్తది? ఇంకింత పెట్టు."

రెండోసారి అన్నంలో లేదు గాని కూర పులుసులో ఉండొచ్చన్నాడు. మూడోసారి అడుగు ముక్కల మీద అనుమానమొచ్చింది. నాలుగోసారి ఎముక చీకుతూ, "గిండ్లనే ఉన్నట్టున్నది" అన్నాడు.

రెండు రోజులు ఎండు రొట్టెలు నమిలినవాళ్లం! గిన్నె అడుగు కనబడుతోంది. ముందెవరు కదిలారో గాని, మల్లేశం పళ్లెం అందరికన్నా ముందుంది.

"జరంత నేను గూడ పరీక్ష చేస్తనే!"

గిన్నె ఊడ్చుకుపోయింది. కాగితం సంగతి ఎవరికీ గుర్తు లేదు. సగం మందికి అందలేదు. ఖాదర్ కళ్లు తుడుచుకుని మళ్లీ ఎసరు పెట్టాడు.

ఎల్లన్నను పక్కకు పిలిచాను. "ఖాదర్ మీద నీకు అనుమానం లేదు కదూ?"

"ఎందుకు లేదు? మీ మీద గూడ ఉన్నది" అన్నాడు పొట్ట నిమురుకుంటూ. "గని సారూ, గాయన దినాం అందరు తిన్నంకనే తింటడు. రెండు దినాలాయె, ఎవ్వలు తినలే. మరి గాయనేం తిన్నట్టు?"

నా తల వాలిపోయింది. ఇంతలో రెండో గిన్నె దిగింది. పళ్లేలు బారులు తీరాయి. ఎల్లన్న వెళ్లి ఖాదర్ చేతిలో గరిటె లాక్కున్నాడు.

"ఆగుండ్రి! నాకింకా అనుమానం తీరలే. ఈసారి ఖాదర్ ముందుగాల తినాలె. కడుపు నిండ తినాలె. గప్పటిదాంక ఎవ్వలు ముట్టద్దు!"

ఖాదర్ కూర్చున్నాడు. మేం పళ్లేలు పట్టుకుని, అతను తినడం అయ్యేదాకా చుట్టూ నిలబడ్డాం.