నాయక్ ఇంటి బిందె

లాలు నాయక్ పోయాక మా తండా పెద్దరికం కొడుకు బిచ్యాకు వచ్చింది. తలపాగా చుట్టారు, దండాలు పెట్టారు. మాట మాత్రం ఎవరూ వినలేదు. నిన్నమొన్నటిదాకా మేకల వెంట తిరిగినవాడు మాకు చెప్పేదేమిటని తుల్సీరాం మొహం మీదే అన్నాడు. తండాలో పెద్దమనిషి ఆయన, అనగలడు.

ఎనభై మూడు ఎండాకాలం వాగు ఎండిపోయింది. ఇసుకలో తోడిన చెలిమ ఒక్కటే దిక్కు. ఒక బిందె ముంచితే మళ్లీ నీళ్లు ఊరేదాకా కూర్చోవాలి. ఆనవాయితీ ప్రకారం మొదటి బిందె నాయక్ ఇంటిది. ఆ తర్వాత ఎవరి బలం వాళ్లది. ఆడవాళ్లు జుట్లు పట్టుకున్నారు, మొగవాళ్లు కర్రలు తీశారు. ఒకడి తల పగిలితే భద్రాచలం దవాఖానాకు మోసుకుపోయారు. ఇంకోసారి కొట్లాట జరిగితే శవం లేస్తుందని అందరికీ తెలుసు.

బిచ్యా పంచాయతీ పెట్టాడు. ముందొచ్చిన బిందెకే ముందు నీళ్లు, నాయక్ ఇల్లయినా అంతే. వరుస తప్పినవాళ్లు ముంచిన నీళ్లు చెలిమలోనే తిరిగి పోయాలి. చూద్దాంలే అన్నట్టు తుల్సీరాం చుట్ట ముట్టించాడు.

మర్నాడు పొద్దున వరుస గట్టు దాకా ఉంది. బిచ్యా తల్లి బాలి తిన్నగా ముందుకొచ్చి బిందె ముంచుకుంది. ఇంట్లో కోడలు చాంది పచ్చి బాలింత. ఆ మాట చెప్పి అడిగితే ఎవరైనా జరిగేవాళ్లే. కానీ నాయక్ ఇంటి మనిషి ఒకరిని అడగడం ఆమె ఎరగదు. మొగవాళ్ల చేతులు కర్రల మీదికి పోయాయి.

బిచ్యా ఎదురొచ్చాడు.

“అమ్మా, బిందె దించు.”

“మీ నాయన ఉంటే గిట్ల అంటుండెనా? ఇంట్ల బాలింత ఉన్నది, యాదికి లేదా?”

అతను ఆమె తల మీది బిందె దించి నీళ్లు చెలిమలో పోసేశాడు. చెలిమంతా బురదైంది. అది తేరేదాకా అందరం ఎండలో మాడాం. ఖాళీ బిందెతో అతను ఆడవాళ్ల వెనక, వరుస చివర నిలబడ్డాడు. బాలి కొడుకు మీద దుమ్మెత్తిపోసింది. తుల్సీరాం భార్య గోరి జాలిపడి తన వంతు ఇస్తానంది.

“వద్దు పెద్దమ్మా. ఇయ్యాల నేను తీసుకుంటే రేపు ఇంకొకడు గుంజుకుంటడు.”

నాకు ఒళ్లు మండింది. బాలింత గొంతెండుతుంటే ఈ పంతమేమిటి? దగ్గరికి పోయి చూస్తే అతని కళ్లు ఇంటి వైపే ఉన్నాయి. పొద్దు నడినెత్తి దాటాక అతని వంతు వచ్చింది.

బాలి కొడుకుతో మాట మానేసింది. కొన్నాళ్లకు చుట్టాల చావుకని బిచ్యా బోనకల్ పోయాడు. అదే అదనుగా తుల్సీరాం పశువులకని వరుస దాటి బిందె ముంచాడు. క్షణంలో కర్రలు లేచాయి. బాలి వరుసలోంచి వచ్చి వాటి మధ్య నిలబడింది.

“ఆ నీళ్లు చెలిమల పొయ్, తుల్సీరాం. మా నాయక్ కన్నతల్లి బిందెనే పారబోసిండు. నీదెంత?”

తుల్సీరాం తన చేతులతోనే బిందెను చెలిమలోకి వంచాడు.