ట్రేల మీద సుద్దతో రాసిన మాట

మా ఆవిడ స్పానిష్ చదువును తనే మానేసిందని అందరికీ చెప్పాను. అది నిజం కాదు.

నూజివీడులోని మా మామిడికాయల కొట్లో కూర్చుని ఫోన్‌లో నేర్చుకునేది. పరీక్ష రాయాలని ఆశ. ఓరోజు ‘ఒహలా’ అనే స్పానిష్ మాటను సుద్దముక్కతో ట్రేల మీద రాసుకుంది. అది వేరే వ్యాపారి గుర్తనుకుని హమాలీలు వాటిని లారీకి ఎక్కించలేదు.

“ఏంటిది?” అని అందరి ముందూ కేకలేశాను.

“అలా జరిగితే బాగుండునని అర్థమండీ. జరగబోయేదానికీ అంటారు, చేజారిపోయినదానికీ అంటారు.”

“లోడు కదిలితే బాగుండును. ముందు తుడువు.”

హమాలీలు నవ్వారు. ఆమె కొంగుతో తుడిచేసింది. మళ్లీ ఆ పాఠాలు తెరవలేదు, పరీక్షా రాయలేదు.

ఆమె పోయి రెండేళ్లయింది. లారీకి ట్రేలు ఎక్కిస్తున్నప్పుడల్లా ఒహలా అనుకుంటాను. చేజారిపోయినదానికే.