బానెట్ మీద పసుపు బొట్టు

నా భర్త పోయినప్పటి నుంచి శుభకార్యం ఎక్కడైనా నేను వెనకే నిలబడతాను. ఎవరూ చెప్పనక్కర లేదు, కాళ్లే వెనక్కి జరుగుతాయి. కాని బిడ్డ, అల్లుడు సెకండ్ హ్యాండులో తెల్ల కారు కొన్న రోజు, చిక్కడపల్లిలో వాళ్ల గల్లీలో, బిడ్డ పూజ పళ్లెం తెచ్చి నా చేతిలోనే పెట్టింది. వాళ్ల అత్త, నా వియ్యపురాలు, పక్కనే ఉంది. ఎవరైనా ముత్తైదువతో బొట్టు పెట్టిస్తే బాగుంటుందేమో అని మెల్లగా అన్నది. బిడ్డ వినలేదు.

"మా అమ్మనే పెడ్తది అత్తమ్మా."

పసుపు తడిపి బానెట్ మీద అరచేతంత రాసి, దాని మీద కుంకుమ పెట్టాను. ఇంటికి నడిచి వస్తూ దారిలో అరచేయి చూసుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున అశోక్ నగర్‌లో నా మెస్సులో హాస్టల్ పిల్లలకు టిఫిన్ పెడుతుంటే బిడ్డ ఫోన్ చేసింది. బండి మీద గీతలు పడ్డాయి, అదీ బొట్టు పెట్టిన చోటే అని. గరిటె అక్కడే పెట్టి వెళ్లాను. ఎండలో చూస్తే నిజమే. రొట్టెంత జాగాలో మెరుపు పోయింది, సన్నగా, గుండ్రంగా గీతలు. పసుపు మరక మాత్రం అట్లాగే ఉంది. వియ్యపురాలు గడపలో నిలబడి, "నేనేమంటలేను వదినా" అన్నది. అంతకంటే ఇంకేం అనాలి?

బానెట్ మొత్తానికి రంగు వేయించాలేమోనని అల్లుడు తల పట్టుకున్నాడు. నా బాధ రంగు గురించి కాదు. ఈ గీతలు పోకపోతే, రేపు ఆ బండి టైరు పంక్చరైనా నా చేతి లెక్కలోనే పడుతుంది. ఇక బిడ్డ ఇంట్లో పళ్లెం ముట్టేది లేదనుకున్నాను.

అందరం నారాయణగూడలో కార్లకు రంగులు వేసే షెడ్డుకు పోయాం. వియ్యపురాలు కూడా వస్తానన్నది. దారంతా కిటికీలోంచి బయటికే చూసింది.

పెయింటర్ గీతల మీద మగ్గుతో నీళ్లు పోశాడు. గీతలు మాయమయ్యాయి. హమ్మయ్య అనుకునేలోపు నీళ్లు ఆరి మళ్లీ తేలాయి, నా ప్రాణం ఉసూరుమంది. అతను మాత్రం ఏం పరేషాన్ కావద్దన్నాడు. తడిస్తే కనపడని గీత పైపూత మీదే ఉన్నట్టు, రంగు దాకా దిగలేదట. గీతకు అడ్డంగా గోరు లాగాడు. ఎక్కడా తట్టుకోలేదు. తట్టుకుంటేనే లోతు, అప్పుడే రంగు పని.

"పాలిష్ కొడితే పోతయి. గిన్నెలు తోమే పీచుతోని రుద్దిన్రా ఏంది?"

అల్లుడు బిడ్డను చూశాడు, బిడ్డ నన్ను చూసింది. నేను బొట్టు పెట్టి వెళ్లిపోయినదాన్ని, నాకేం తెలుసు?

"నేనే రుద్దిన," అన్నది వియ్యపురాలు వెనక నుంచి. "పసుపు పోతలేదని."

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది.

"ఇనుప పీచుతోనా వదినా? నా మెస్సుల మాడిన వంట బోగాన్లు గూడ నేను గట్ల తోమ."

"తెల్ల బండి గద. పచ్చగ కనబడ్తుంటే మనసొప్పలే."

పెయింటర్ బానెట్ శుభ్రంగా కడిగి తుడిచాడు. మట్టి రేణువు ఉంటే మళ్లీ గీతలు పడతాయట. తర్వాత తెల్లటి పాలిష్ ముద్ద కొంచెం రాసి, స్పాంజి మిషన్ తిప్పి, మెత్తటి గుడ్డతో తుడిచాడు. వంగి చూస్తే నా ముఖం కనబడింది. పసుపు ఇంకా మిగిలిందని నేనంటే, దాన్ని ముట్టుకోవద్దు, ఎండకు అదే పోతుందన్నాడు. నిజంగానే కొన్నాళ్లకు పోయింది. ఆ పీచు పని అసలు అక్కరే లేకపోయింది.

దసరాకు బండి కడిగి నిలబెట్టారు. బిడ్డ పళ్లెం తెచ్చేసరికి నా కాళ్లు అలవాటుగా వెనక్కి జరిగాయి. వియ్యపురాలు పళ్లెం అందుకుని నా ముందుకు పట్టింది.

"అద్దం మీద పెట్టు వదినా. రంగు మీద వద్దు."

అద్దం మీదే పెట్టాను.